ఎముకలు బాగా గుల్లబారాక: ఏ మందు ముందు, ఏది తర్వాత?

ఈసారి ఎముకల మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డెబ్భై దాటినవాళ్ల గురించే. దాదాపు అందరూ 'మంచి మందు ఏది' అనే అడిగారు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఏది ముందు వాడాలి, ఏది తర్వాత వాడాలి, ఆపాల్సి వస్తే ఎలా ఆపాలి? జవాబుల్లో ఈ మాటే మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి. ఇది మీ డాక్టరుతో వివరంగా మాట్లాడటానికి పనికొచ్చే సమాచారం. దీన్ని చూసి మందుల చీటీని మీరే మార్చుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. దెబ్బేమీ తగలకుండానే అయిదు నెలల కిందట రెండు వెన్నుపూసలు కుంగిపోయాయి. డెక్సా అనే ఎముక సాంద్రత స్కాన్‌లో టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోలిస్తే ఎంత పలచబడిందో చెప్పే అంకె) నడుము దగ్గర మైనస్ 2.1, తుంటి దగ్గర మైనస్ 3.4 వచ్చింది. ఒక డాక్టరు వారానికో మాత్ర చాలన్నారు. ఇంకొకరు రోజూ పొడుచుకునే ఇంజెక్షన్ రెండేళ్లు వాడమంటున్నారు. తొమ్మిదేళ్ల కిందట ఆమెకు గుండెపోటు వచ్చింది. ఎవరి మాట వినాలి?

జవాబు: మేం రెండో డాక్టరు వైపే మొగ్గుతాం. ఎందుకో చెబుతాం.

ముందుగా ఆ మైనస్ 2.1ని నమ్మకండి. వయసు మీదపడ్డ వెన్నులో పూసల అంచులకు ముళ్లలాంటి ఎముక పెరుగుతుంది. వెన్ను ముందు నుంచి దిగే పెద్ద రక్తనాళం గోడల్లో సున్నం పేరుకుంటుంది. కుంగిన పూస తనలోని ఎముకనంతా చిన్న జాగాలోకి కుదించుకుంటుంది. స్కాన్ మాత్రం వీటన్నిటినీ ఎముక కిందే జమకట్టి, ఉన్నదానికన్నా మంచి అంకె చూపిస్తుంది. మీ అమ్మగారి విషయంలో తుంటి దగ్గరి లెక్కే అసలు లెక్క.

టీ-స్కోరు మైనస్ 2.5కి గానీ అంతకన్నా కిందికి గానీ దిగి, దానికి తోడు చిన్న దెబ్బకే విరిగిన ఎముక ఉంటే జబ్బు తీవ్రంగా ఉందని అర్థం. ఆ విరగడం ఏడాదిలోపు జరిగినా, స్కోరు మైనస్ 3 కన్నా దిగజారినా ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ అమ్మగారికి ఈ రెండూ ఉన్నాయి. వెన్నుపూస కుంగినవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఏడాది తిరక్కుండానే ఇంకో పూస కుంగుతుంది. నెమ్మదిగా పనిచేసే మందు పెట్టి చూద్దామనుకునే సమయం కాదిది.

ఎముకలో తవ్వే కణాలు, పూడ్చే కణాలు జతగా పనిచేస్తాయి. పాత ఎముకను ఒకటి తవ్వితే, అదే గుంటలో రెండోది కొత్త ఎముక పోస్తుంది. వయసు పైబడ్డాక తవ్వినంత పూడదు. అలెండ్రొనేట్, రైసెడ్రొనేట్ మాత్రలు, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ తవ్వకాన్ని ఆపే మందులు. తవ్వకం ఆగితే పూడ్చే పనీ మందగిస్తుంది కాబట్టి ఉన్న ఎముక నిలుస్తుంది గానీ కొత్తది పెద్దగా చేరదు. కొత్త ఎముకను పోసేవి టెరిపారటైడ్, అబాలోపారటైడ్, రోమోసోజుమాబ్. రెండో డాక్టరు చెప్పిన రోజువారీ ఇంజెక్షన్ ఈ రకమే. వీటి బలం మొదట వాడినప్పుడే పూర్తిగా తెలుస్తుంది. ఏళ్ల తరబడి మాత్రలు మింగిన ఎముక మీద, ముఖ్యంగా తుంటి మీద, టెరిపారటైడ్ ప్రభావం ఆలస్యంగా కనిపిస్తుంది. ముందు కొత్త ఎముక పోసి, తర్వాత తవ్వకం ఆపే మందుతో దానికి తాళం వేయాలని మేం అనేది అందుకే.

దీనికి ఆధారం ఉంది. మీ అమ్మగారిలాగే ఎముకలు బాగా గుల్లబారి, వెన్నుపూసలు కుంగిన స్త్రీలలో టెరిపారటైడ్‌నూ రైసెడ్రొనేట్‌నూ ఎదురెదురుగా పోల్చిన వీరో అధ్యయనం 2018లో అచ్చయింది. రెండేళ్లలో కొత్తగా పూసలు కుంగినవాళ్లు టెరిపారటైడ్ వాడినవాళ్లలో 5.4 శాతం, మాత్ర వేసుకున్నవాళ్లలో 12 శాతం. రోమోసోజుమాబ్ ఏడాది ఇచ్చి తర్వాత అలెండ్రొనేట్‌కి మార్చినవాళ్లనూ, మొదటి నుంచీ అలెండ్రొనేట్ మీదే ఉన్నవాళ్లనూ 2017లో పోల్చారు. మొదటి జట్టులో రెండేళ్లకు వెన్నుపూసలు కుంగడం 48 శాతం తగ్గింది.

ఈ రెంటిలో మీ అమ్మగారికి గుండెపోటు దగ్గర తేడా వస్తుంది. రోమోసోజుమాబ్‌ను నెలకోసారి 105 మి.గ్రా. ఇంజెక్షన్లు రెండు చొప్పున పన్నెండు నెలలు ఇస్తారు. పైన చెప్పిన అధ్యయనంలోనే మొదటి ఏడాది తీవ్రమైన గుండె, రక్తనాళాల సమస్యలు ఈ మందు తీసుకున్నవాళ్లలో 2.5 శాతం, అలెండ్రొనేట్ జట్టులో 1.9 శాతం కనిపించాయి. అమెరికా నిబంధన ప్రకారం గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఏడాది తిరగనివాళ్లకు దీన్ని మొదలుపెట్టకూడదు. యూరప్‌లో ఎప్పుడు వచ్చినా సరే, ఇవ్వకూడదంటారు. టెరిపారటైడ్ ఉండగా ఈ తగాదాలోకి దిగడమెందుకు?

టెరిపారటైడ్ మొదలుపెట్టే ముందు కొన్ని పరీక్షలు తప్పనిసరి: రక్తంలో కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, సీరం ప్రోటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్. చివరిది ఎందుకంటే మైలోమా అనే ఎముకమజ్జ క్యాన్సర్ కూడా అచ్చం ఇలాగే వెన్నుపూసల్ని కుంగదీస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉంటే కారణం తేలేదాకా ఈ మందు వద్దు. ఎముకకు రేడియేషన్ ఇప్పించుకున్నవాళ్లకూ, ఎముకలోకి క్యాన్సర్ పాకినవాళ్లకూ, ఎముక అస్తవ్యస్తంగా పెరిగే పాజెట్ జబ్బు ఉన్నవాళ్లకూ కూడదు. రొమ్ము క్యాన్సర్‌కు ఎప్పుడో తీసుకున్న రేడియేషన్‌ను చాలామంది మరిచిపోతారు. అడిగి మరీ గుర్తుచేయండి.

ఇక వాడకం. రోజుకు 20 మైక్రోగ్రాములు, తొడకు గానీ పొట్టకు గానీ. పెన్నును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మొదటిసారి వాడిన రోజు నుంచి 28 రోజులు దాటితే లోపల మందు మిగిలినా పారేయాల్సిందే. ప్రతిసారీ కొత్త సూది బిగించాలి, పని అయ్యాక తీసేయాలి. సూదిని పెన్నుకే వదిలేస్తే మందు కారుతుంది, గాలి బుడగలు చేరతాయి, మర్నాడు డోసు తగ్గుతుంది. మొదటి కొన్ని రోజులు ఇంజెక్షన్ తర్వాత లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. అందుకని కూర్చునో పడుకునో తీసుకోమనండి, వెంటనే లేవొద్దనండి. కాల్షియం పరీక్షకు రక్తం ఇచ్చేటప్పుడు ఆఖరి డోసు పడి 16 గంటలు దాటి ఉండాలి. లేకపోతే అంకె ఎక్కువగా కనిపించి అనవసరంగా మందు ఆపేస్తారు.

రెండేళ్లు పూర్తయ్యాక విరామం ఇవ్వకూడదు. చేరిన ఎముక ఏడాదిలోనే కరగడం మొదలవుతుంది. ఆఖరి పెన్ను అయిపోయేలోపే తర్వాతి మందు, జోలెడ్రోనిక్ యాసిడో అలెండ్రొనేటో, నిర్ణయమై ఉండాలి. రోజూ పొడుచుకోవడం మీ అమ్మగారివల్ల కాకపోతే మాత్రకన్నా జోలెడ్రోనిక్ యాసిడ్‌నే రెండో దారిగా ఎంచుకోండి.

ప్రశ్న: డెనోసుమాబ్ నాలుగేళ్లుగా తీసుకుంటున్నాను. వయసు 71. పన్ను పీకాలి కాబట్టి ఇంజెక్షన్ ఆపమని దంతవైద్యుడు చెప్పారు. ఆఖరి డోసు పడి ఎనిమిది నెలలైంది. ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?

జవాబు: ఆగకూడదు. ఈ వారంలోనే ఎముకల డాక్టరును కలవండి.

జోలెడ్రోనిక్ యాసిడ్, అలెండ్రొనేట్ ఎముక ఖనిజానికే అతుక్కుని ఏళ్ల తరబడి ఉంటాయి. డెనోసుమాబ్ అలా అతుక్కోదు. తవ్వే కణాలు తయారుకాకుండా అడ్డం నిలబడుతుంది, ఆరు నెలలకు తప్పుకుంటుంది. అన్నాళ్లూ ఆగిపోయి ఉన్న కణాలన్నీ ఒక్కసారిగా పనికి దిగుతాయి. నాలుగేళ్లలో చేరిన ఎముక ఒకటి రెండేళ్లలో పోతుంది. కొందరికి ఒకటి కాదు, మూడు నాలుగు వెన్నుపూసలు వరసగా కుంగుతాయి. ఆఖరి డోసు తర్వాత ఏడో నెల నుంచే ఈ ముప్పు మొదలు. అందుకే ఏ డోసూ ఏడో నెల దాటనివ్వకూడదు.

పన్ను భయం అబద్ధమని అనం. దవడ ఎముక బయటపడి మానకుండా పోయే జబ్బు ఉంది. కానీ ఎముకల గుల్లతనానికి వాడే డోసుల్లో అది చాలా అరుదు. దాన్ని ఎక్కువగా చూసేది క్యాన్సర్‌కు పెద్ద డోసుల్లో ఈ మందులు తీసుకునేవాళ్లలో. ఇద్దరు డాక్టర్లనూ ఒకరితో ఒకరిని మాట్లాడుకోమని అడగండి. ముందే తెలిసి ఉంటే పన్నును ఆఖరి డోసు పడ్డ అయిదారు నెలలకు తీయించి, చిగురు మానాక, ఏడో నెల దాటకుండా డోసు తీసుకోవడం సుఖంగా ఉండేది. ఇప్పుడు ఆ గడువు దాటింది. పన్ను చీము పట్టి ఉంటే వెంటనే తీయించండి. ఇంజెక్షన్‌ను మాత్రం ఇంకా వాయిదా వేయొద్దు. డోసుకు ముందు రక్తంలో కాల్షియం చూపించుకోండి. ఈ రెండు నెలల్లో కొత్తగా నడుంనొప్పి వచ్చి ఉంటే వెన్ను ఎక్స్‌రే కూడా అవసరం.

నిజంగానే మానేయాలనుకుంటే దారి వేరు. ఆఖరి ఇంజెక్షన్ తర్వాత ఆరు నెలలకు దాని బదులు జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించి, మూడో నెలలో, ఆరో నెలలో సీటీఎక్స్ పరీక్షతో ఎముక ఎంత వేగంగా అరుగుతోందో చూస్తారు. నాలుగేళ్లు వాడినవాళ్లకు ఒక్క డోసు చాలకపోవచ్చు. ఇంకో తప్పు కూడా చూస్తుంటాం: డెనోసుమాబ్ ఆపి నేరుగా టెరిపారటైడ్‌కి మారడం. అలా చేస్తే తుంటి ఎముక మరింత పలచబడుతుంది. పోసి తాళం వేసే వరసను తిరగేసినట్టే.

ప్రశ్న: వారానికోసారి అలెండ్రొనేట్ వేసుకుంటే గుండెల్లో మంట. కాఫీతో వేసుకుంటే తగ్గుతోంది. పర్వాలేదా?

జవాబు: మంట తగ్గుతోంది, మందు పనీ తగ్గుతోంది. ఖాళీ కడుపుతో మామూలు నీళ్లతో వేసుకున్నా ఈ మాత్ర ఒంటికి పట్టేది ఒక శాతం లోపే. కాఫీతోనో పళ్లరసంతోనో మింగితే ఆ కొంచెంలోనూ సుమారు 60 శాతం పోతుంది. పొద్దున లేవగానే నిండు గ్లాసు మామూలు నీళ్లతో మింగి, అరగంట పాటు ఏమీ తినకుండా, పడుకోకుండా, వంగకుండా ఉండాలి. కాల్షియం, ఐరన్, యాంటాసిడ్ ఆ పూటకు దగ్గరకు రానివ్వొద్దు, మధ్యాహ్నానికి మార్చండి. ఇంత చేసినా మంట ఉన్నా, మింగేటప్పుడు నొప్పి ఉన్నా మాత్ర ఆపి డాక్టరుకు చెప్పండి. అన్నవాహిక ఇరుకైనవాళ్లకూ, అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్లకూ ఈ మాత్ర పనికిరాదు. అదే కుటుంబానికి చెందిన మందును నరం ద్వారా ఎక్కించుకోవచ్చు.

ప్రశ్న: మా అత్తయ్యకు 79 ఏళ్లు, బరువు 48 కిలోలు. క్రియాటినిన్ 1.6. 'కొంచెం ఎక్కువ, అంతే' అన్నారు. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించవచ్చా?

జవాబు: కూడదు. ఆ 1.6 పైకి కనిపించినంత చిన్నది కాదు. లెక్క మీరే వేసి చూడండి. 140లోంచి వయసు తీసేస్తే 61. దాన్ని బరువు 48తో గుణిస్తే 2928. క్రియాటినిన్ 1.6ను 72తో గుణిస్తే 115.2. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 25.4. స్త్రీ కాబట్టి 0.85తో గుణించాలి: సుమారు 22. అంటే కిడ్నీలు నిమిషానికి వడకట్టేది 22 మిల్లీలీటర్లే. జోలెడ్రోనిక్ యాసిడ్‌కూ అలెండ్రొనేట్‌కూ ఇది కనీసం 35 ఉండాలి, రైసెడ్రొనేట్‌కు 30. ల్యాబ్ కాగితం మీద అచ్చయ్యే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత అంచనా) ఆవిడ బరువును చూడదు, అందుకే ఇంతకన్నా మెరుగ్గా, 30 పైనే కనిపించవచ్చు. బక్కపలచని పెద్దవాళ్ల విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

డెనోసుమాబ్ కిడ్నీల ద్వారా పోదు కాబట్టి ఇవ్వొచ్చు. అయితే కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో అది కాల్షియాన్ని ప్రమాదకరంగా పడగొడుతుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు మరీను. ఈ విషయంపై అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జనవరిలో తన అన్నిటికన్నా గట్టి హెచ్చరికను చేర్చింది. అందుకని ముందు విటమిన్ డి సరిచేయాలి, పారాథైరాయిడ్ హార్మోన్ చూడాలి, కిడ్నీ డాక్టరు ఒప్పుకోవాలి. డోసు పడ్డాక సుమారు పది రోజులకు, మళ్లీ కొన్ని వారాలకు కాల్షియం చూడాలి. పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా నాన్నకు 82. జారిపడి తుంటి విరిగింది, పది రోజుల కిందట ఆపరేషన్ అయింది. ఈ వయసులో ఎముకలకు మళ్లీ మందులెందుకని బంధువులు అంటున్నారు.

జవాబు: విరిగిన ఎముకకు రాడ్డు వేశారు సరే, మిగతా ఎముకలూ అలాంటివే కదా. తుంటి విరిగినవాళ్లకు ఏడాదికోసారి 5 మి.గ్రా. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించి చూసిన అధ్యయనం 2007లో వచ్చింది, అందులో మగవాళ్లూ ఉన్నారు. కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ఈ రకం మందుల మేలు సుమారు ఏడాదిలో కనిపించడం మొదలవుతుంది. కాబట్టి చూడాల్సింది ఆయన వయసు అంకెను కాదు, ఏడాది రెండేళ్లు లేచి తిరిగే అవకాశం ఉందా లేదా అన్నదే.

ఆపరేషన్ అయ్యాక కనీసం రెండు వారాలు ఆగి ఎక్కించాలి. ఈలోగా విటమిన్ డి, కాల్షియం, క్రియాటినిన్ చూపించండి. మగవారు కాబట్టి టెస్టోస్టిరాన్ కూడా. ఎక్కించే రోజు ఒంట్లో నీళ్లు తగ్గి ఉండకూడదు. ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించండి, నొప్పి మాత్రలు వాడుతుంటే చెప్పండి. 15 నిమిషాలకన్నా త్వరగా ఎక్కించకూడదు, పెద్దవాళ్లకు అరగంట మేలు. మొదటి డోసు తర్వాత మూడు రోజుల్లోపు జ్వరం, ఒళ్లునొప్పులు చాలామందికి వస్తాయి. పారాసిటమాల్ సరిపోతుంది, రెండో ఏడాది అంత ఉండదు. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే మాత్రం కంటి డాక్టరు చూడాలి.

ఇంకొకటి: ఆయన ఎందుకు పడ్డారో ఎవరైనా అడిగారా? నిద్రమాత్ర, రాత్రి మూత్రానికి లేవడం, లేచి నిలబడగానే పడిపోయే బీపీ, కంట్లో శుక్లం, వెనక పట్టీ లేని చెప్పులు. ఏ మందూ వీటిని సరిచేయదు. పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ రెండూ కొలిపించండి.

ప్రశ్న: కాల్షియం, విటమిన్ డి బాగా వేసుకుంటే మిగతా మందులు అక్కర్లేదా?

జవాబు: అక్కర్లేదనుకోవద్దు. ఇటుకలు తెచ్చినంత మాత్రాన గోడ లేవదు. ఆహారంతో కలిపి రోజుకు మొత్తం 1200 మి.గ్రా. కాల్షియం చాలు, మాత్ర రూపంలో ఒక్కసారికి 500 మించొద్దు. కార్బొనేట్ అయితే భోజనంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా. డబ్బా మీద 1250 మి.గ్రా. కార్బొనేట్ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మి.గ్రాములే. విటమిన్ డి రోజుకు 800 నుంచి 1000 యూనిట్లు. ఏడాదికంతా కలిపి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన అధ్యయనంలో పడిపోవడాలు, ఎముకలు విరగడాలు పెరిగాయి.

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా అలెండ్రొనేట్ లాంటి ఎముకల మాత్రలు వాడుతున్నాను. నెల రోజులుగా కుడి తొడ లోపల సలుపు, నడిస్తే ఎక్కువ.

జవాబు: మాత్ర ఈ రోజే ఆపి, ఆ కాలి మీద బరువు తగ్గించి, రెండు తొడ ఎముకలకూ పై నుంచి కింది దాకా ఎక్స్‌రే తీయించండి. ఏళ్ల తరబడి తవ్వకం ఆగిన ఎముకలో సన్నని పగుళ్లు మానవు. అరుదుగా తొడ ఎముక బయటి అంచున బీట మొదలై, ఒక రోజు అడ్డంగా విరుగుతుంది. అంతకు ముందు వారాలో నెలలో ఇలాంటి సలుపు ఉంటుంది. ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినా నొప్పి ఉంటే ఎంఆర్ఐ అడగండి. ఒక కాలిలో దొరికితే రెండో కాలినీ వదలొద్దు.

ఈ జవాబు చూసి మాత్రలు వాడే మిగతావాళ్లు కంగారుపడి మానేయకండి. అయిదేళ్లకు మాత్ర, మూడేళ్లకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఆపాలా అని డాక్టరుతో కూర్చుని చూసుకోవాలి. ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు మాత్రను పదేళ్లు, జోలెడ్రోనిక్ యాసిడ్‌ను ఆరేళ్ల దాకా కొనసాగిస్తారు. ఈ విరామం సంగతి డెనోసుమాబ్‌కు వర్తించదు.

ప్రశ్న: ఏడాది మందు వాడాక స్కాన్ తీస్తే తుంటి మైనస్ 3.2 నుంచి మైనస్ 3.3 అయింది. మందు పనిచేయనట్టేనా?

జవాబు: కాదు. 0.1 తేడా యంత్రం పొరపాటులోనే కలిసిపోతుంది. పడుకోబెట్టినప్పుడు కాలు కాస్త ఎక్కువ తిరిగినా అంత తేడా వస్తుంది. టీ-స్కోరును కాకుండా కాగితంలో చదరపు సెంటీమీటరుకు గ్రాముల్లో ఇచ్చిన అంకెను పోల్చమనండి, అదీ అదే యంత్రం మీద తీసినప్పుడే. అసలు మాత్ర సరిగా వేసుకుంటున్నారా, విటమిన్ డి ఎంత ఉంది అన్నవి మందు మార్చే ముందు చూడాలి. పరగడుపున తీసిన రక్తంలో సీటీఎక్స్ తగ్గి ఉంటే మందు ఒంటికి పడుతున్నట్టే. వాడుతుండగా ఒక ఎముక విరిగినంత మాత్రాన మందు ఓడిందనరు, రెండు విరిగితే తప్పక మార్చాలి. మూడు నెలలకోసారి గోడకు ఆనుకుని ఎత్తు కొలిచి రాసుకోండి. రెండు సెంటీమీటర్లు తగ్గితే నొప్పి లేకపోయినా వెన్ను ఎక్స్‌రే తీయించండి, ఎందుకంటే కుంగే పూసల్లో ఎక్కువ భాగం చప్పుడు చేయకుండానే కుంగుతాయి.